ఇచ్చుట నేర్పిన దైవజనుడు – బిషప్ అజరయ్య గారు

మన డయోసీసు శతవార్షికోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదక వర్గమువారు మమ్మును కోరారు. నూరేండ్లలో కట్టిన గుళ్ళను గురించి, పెట్టిన బడులను గురించి, వచ్చి వెళ్ళిన గురువులను గురించి మాకంటె బాగుగా వ్రాయగలవారు ఉన్నారు. మేము మాత్రము మా సంఘములో చాలకాలముగా మమ్మును తొలుస్తున్న ఒక ప్రశ్నను తీసుకొని, దానికి జవాబును ఒక దైవజనుని జీవితములో వెదకదలచాము. అక్కరలో ఉన్నవారికి మనమిచ్చేది నిజముగా వారికి పనికివస్తున్నదా? మన డబ్బు, మన సమయము, మన చేతికష్టము ఏ దారిన వెళ్తే మేలు? ఇదే ఆ ప్రశ్న.

మేము బషీర్‌బాగ్‌లో కాపురముండి పరిచర్య చేస్తున్నవారము. మా ఇంటినుండి ఒకవైపు నడిస్తే ఆబిడ్స్ అంగళ్ళు, మరొకవైపు అసెంబ్లీ భవనము, పబ్లిక్ గార్డెన్సు దాటి వెళ్తే నాంపల్లి స్టేషను. పగలంతా కొనుగోళ్ళతో కళకళలాడే ఈ వీధులలో రాత్రి పదింటికి అంగళ్ళు మూయగానే వేరొక లోకము కనబడుతుంది. మూసిన షట్టర్ల ముందు, స్టేషను ప్రక్క కాలిబాటల మీద గోనెసంచులు పరచుకొని పడుకునేవారి లోకము అది.

కొన్నేండ్ల క్రిందట క్రిస్మసుకు ముందు మా సంఘస్థులు చందాలు వేసుకొని రెండు వందల దుప్పట్లు కొన్నారు. ఒక వ్యానులో వేసుకొని రాత్రివేళ వెళ్ళి అరగంటలో పంచివచ్చాము. ఫొటోలు తీయించుకొన్నాము, వాటిని మా సంఘ పత్రికలో వేయించుకొన్నాము కూడ. వారము తిరగకముందే ఆ దుప్పట్లలో కొన్ని ఒక వీధి చివర సగము ధరకు అమ్ముడగుట మేము చూచాము. మాకు కోపము వచ్చింది. ఆ కోపముతోనే అక్కడ కూర్చున్న ఒక ముసలి ఆయనను పలుకరించాము. ఆయన చెప్పినది విన్నాక మా కోపము సిగ్గుగా మారింది. ఆ వారములో ఆయనకు మూడు సంఘాలవారు మూడు దుప్పట్లు ఇచ్చారట. మూడింటిని పెట్టుకొనే చోటు లేదు, దొంగల భయము. ఆయనకు కావలసినది దుప్పటి కాదు. కంటికి శుక్లము వచ్చింది, ఆసుపత్రికి తోడు వెళ్ళేవారు లేరు. ఆ సంగతి అడిగినవారు మాకు ముందు ఎవరును లేరు. ఆ రాత్రి వ్యానులోనుండి దుప్పటి అందించిన మేమును అడుగలేదు.

ఇప్పుడు శతవార్షికోత్సవ నిధితో ఏమి చేయవలెనని మా పాస్టరేటు కమిటీలో చర్చ జరుగుచున్నది. రెండు వందల దుప్పట్లకు బదులు వెయ్యి పంచుదామని కొందరు, ఒక పెద్ద అన్నదానము పెడదామని కొందరు. వారి మనస్సు మంచిదే. అయినను ఆ ముసలి ఆయన ముఖము మాకు జ్ఞాపకము వచ్చి, మేము దైవశాస్త్ర కళాశాలలో చదువుకొన్న దినములనుండి మాకు ఆదర్శమైన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితమును మరల తిరగవేశాము. అందులో మాకు దొరికినదానిని మీతో పంచుకొనుచున్నాము.

బాల్యము, చదువు

అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునెల్వేలి జిల్లా, వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి ఎల్లెన్ గారు. చాలకాలము ఎదురుచూచిన పిమ్మట కలిగిన కుమారుడు గనుక, హన్నా తన కుమారునికి పెట్టినట్టు, శామ్యూల్ అను పేరు పెట్టారు. వారిది నాడార్ కులము. ఆ కాలములో దక్షిణ దేశమున ఆ కులమువారు అనేక అవమానములు పడినవారే. కనుక తక్కువగా చూడబడుట ఎట్లుండునో అజరయ్య గారికి పుస్తకములనుండి తెలిసిన సంగతి కాదు.

1889లో తండ్రిగారు ప్రభువునందు నిద్రించారు. కుమారుడు మిషను పాఠశాలలలో చదివి, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అయితే పట్టము పుచ్చుకొనకుండానే ఆ చదువు ముగిసింది. మన పిల్లలు పరీక్ష తప్పినప్పుడు లోకము మునిగినట్టు విచారించే తలిదండ్రులు ఈ సంగతి గమనించవలెను. పట్టము లేని ఈ యువకునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ పట్టము ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, సుమారు పదునాలుగు ఏండ్లు దక్షిణ భారతమంతట తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. దక్షిణ దేశ క్రైస్తవ స్త్రీలలో మొట్టమొదట కళాశాల చదువు చదివినవారిలో ఆమె ఒకరు. ముందు ముందు డోర్నకల్‌లో ఆమె చేసిన సేవ భర్త సేవకు తీసిపోనిది.

యాఫ్నాలో కలిగిన ఆలోచన

1902లో అజరయ్య గారు పనిమీద సింహళములోని యాఫ్నాకు వెళ్ళారు. అచ్చటి తమిళ క్రైస్తవులు ఎవరి సహాయమునకును ఎదురుచూడక తామే చందాలు వేసుకొని, తమ సువార్తికులను తామే పంపి పోషించుచుండుట ఆయన చూచారు. ఆ చూచినది ఆయన మనస్సులో ముల్లువలె గుచ్చుకొన్నది. తిరునెల్వేలి సంఘము యాఫ్నా సంఘముకంటె పెద్దది, పాతది. నూరేండ్లుగా విదేశీయుల ధనముతో, విదేశీయుల కష్టముతో పెరిగినది. అయినను ఇతరులకు ఇచ్చుట అది నేర్చుకొనలేదు. పుచ్చుకొనుటయే అలవాటైన చేతికి ఇచ్చుట కష్టము. ఈ సంగతి ఆయన ఇతరులమీద నేరముగా మోపలేదు, తమ అందరి జబ్బుగా ఎంచారు.

తిరిగి వచ్చి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడింది. పనివారు ఈ దేశస్థులు, ధనము ఈ దేశపు ధనము, నిర్వాహము ఈ దేశస్థుల చేతిలో. ఇది ఆ సొసైటీ నియమము. 1905 డిసెంబరు 25వ తేదీన బెంగాలులోని శ్రీరాంపూరులో, విలియం కేరీ గారు పనిచేసిన చోటనే, దేశమంతటికి చెందిన నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమైనది. దానికిని అజరయ్య గారు ముఖ్యులలో ఒకరు.

మొదటి సొసైటీ పనిచేయుటకు ఎంచుకొన్న చోటు ఎక్కడో కాదు. మన నైజాము సీమలోని డోర్నకల్ ప్రాంతమే. భాష వేరు, దేశము వేరు, అలవాటులు వేరు. తమిళ గ్రామముల బీద క్రైస్తవులు తమ అణాలు, కాసులు కూడబెట్టి, తామెన్నడును చూడని తెలుగు పల్లెల ప్రజలకొరకు పంపారు. మనలో అనేకుల తాతలు, ముత్తాతలు అక్షరములు దిద్దినది ఆ కాసుల వలననే అని చెప్పితే తప్పుకాదు.

పంపేవాడు తానే వెళ్ళుట

ఇంతవరకు చేసినది చాలును, ఇక సభలలో ప్రసంగములు చేసి యువకులను పంపుచుండవచ్చునని అజరయ్య గారు ఊరకుండి యుండవచ్చును. మంచి ఉద్యోగము ఉన్నది, దేశవిదేశములలో పేరున్నది. 1907లో జపానులోని టోకియోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సభకు సయితము వెళ్ళివచ్చారు. అయితే ఇతరులను వెళ్ళుమని పిలిచేవాడు తాను వెళ్ళనక్కరలేదా అను ప్రశ్న ఆయనను విడువలేదు.

1909లో, ముప్పదియైదవ ఏట, కార్యదర్శి పని విడిచి, గురుత్వాభిషేకము పొంది, కుటుంబముతో డోర్నకల్ చేరారు. అప్పటి డోర్నకల్ అనగా సింగరేణి బొగ్గుగనులకు దారి చీలే రైలు జంక్షను, చుట్టును అడవి. మొదట గుడారములో కాపురము. ముప్పదియైదు ఏండ్ల మనిషి పిల్లవానివలె కూర్చుండి తెలుగు అక్షరములు నేర్చుకొన్నారు. పల్లెలకు ఎడ్లబండి మీద ప్రయాణము. ఊరిబయట మాలపల్లెలలో, మాదిగపల్లెలలో ఉన్నవారికి ఊరి బావి నీళ్ళు లేవు, బడి లేదు, కూలి లేని వెట్టిచాకిరి మాత్రమున్నది. వారి అరుగుల మీదనే కూర్చుండి వారితో మాటలాడారు.

నాంపల్లిలో బండి ఎక్కి కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటి వెళ్తే డోర్నకల్ వస్తుంది. నేడు కొద్ది గంటల ప్రయాణము. నాడు ఆ మనిషి చేసిన ప్రయాణమును గంటలతో కొలువలేము.

ఎడింబరో సభ

1910 జూన్ మాసములో స్కాట్లాండులోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారు సుమారు పన్నెండు వందలమంది. ఆసియా ఖండపు వారిని వ్రేళ్ళమీద లెక్కించవచ్చును. అజరయ్య గారిని విదేశ మిషనరీలకును స్వదేశ పనివారికిని ఉన్న సంబంధమును గూర్చి మాటలాడుమన్నారు.

ఆయన అక్కడ పలికిన మాటల సారాంశము ఇప్పటికిని మనలను కదిలించుచున్నది. మిషనరీలు తమ సొమ్మును, తమ ప్రాణములను సయితము ఇచ్చారని ఒప్పుకొంటూనే, వారు ఇవ్వనిది ఒకటున్నదనియు, అది స్నేహమనియు ఆయన నిర్భయముగా చెప్పారు. దొర అరుగుమీద, పనివాడు క్రింద నిలుచుండుట, ఒక బల్లయొద్ద కూర్చుండి భోజనము చేయకుండుట, ఇటువంటి సంగతులు చాటుగా కాక, వారి ముఖముననే ఎత్తిచూపారు. సభలో కొందరు నొచ్చుకొన్నారు. మరికొందరు అదే ఆ మహాసభకు దేవుడిచ్చిన సందేశమని ఎంచారు.

మేము ఈ సంగతిని చదివినప్పుడెల్ల, అది దొరలకు చెప్పిన మాటయని సంతోషించి పేజీ త్రిప్పుచుంటిమి. దుప్పట్ల సంగతి జరిగిన తరువాతనే అది మాకు చెప్పిన మాటయని గ్రహించాము. వ్యానులోనుండి చేయి చాపి దుప్పటి ఇచ్చిన మేము అరుగుమీది దొరలము కామా? పేరు అడుగలేదు, ప్రక్కన కూర్చుండలేదు. ఇచ్చినది ఉన్ని, ఇవ్వనిది స్నేహము.

గుప్పెడు బియ్యము

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు ఇందుకు ఎంతో పాటుపడ్డారు. భారతీయుడు ఈ పదవికి చాలడని తలంచినవారు దొరలలోనే గాక మనవారిలోను ఉండిరి. వారికి ఆయన మాటలతో జవాబు చెప్పలేదు, ముప్పదిరెండు ఏండ్ల పనితో చెప్పారు. మొదట చిన్నదిగా ఉన్న ఆ డయోసీసు తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములను కూడ కలుపుకొని, ఆయన చివరి దినములకు రెండు లక్షలకు పైబడిన విశ్వాసులతో నిండింది.

ఆ విశ్వాసులలో నూటికి తొంబదిమందికి మించి అతి బీదలు. వారికి కావలసినది ఇచ్చుటయే గదా బిషప్పు పని అని మనమనుకొంటాము. అజరయ్య గారు వారిని ఇమ్మని అడిగారు. ఇది మొదట కఠినముగా తోచును. పూటకు గింజలు లేనివారిని కానుక అడుగవచ్చునా? ఆయన ఆలోచన వేరు. ఎవనిని ఎన్నడును ఏమియు ఇమ్మని అడుగరో, వానిని బిచ్చగాని క్రింద లెక్కవేసినట్టే. ఇవ్వగలవాడని ఒక మనిషిని నమ్ముటకంటె గొప్ప మర్యాద లేదు. బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు వద్దనలేదు, ఆమెను చూచి జాలిపడి ఆ కాసులను తిరిగి ఆమె చేతిలో పెట్టలేదు, ఆమె ఇచ్చినదానిని అందరికంటె ఎక్కువగా లెక్కించాడు గదా.

అందుచేత డోర్నకల్ పల్లెలలో ఇంటి తల్లి వంటకు కొలిచిన గింజలలోనుండి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసెడిది. ఆదివారము ఆ కుండ గుడికి వచ్చెడిది. కోతకాలమున పంట కృతజ్ఞతార్పణ పండుగకు గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు, ధాన్యపు మూటలు తలలమీద, బండ్లమీద వచ్చెడివి. ఏమియు లేనివాడు ఒక దినము పని కానుకగా ఇవ్వవచ్చును. అన్బు గారు మదర్స్ యూనియన్ ద్వారా స్త్రీలను కూడగట్టారు. ఇదే రీతిగా ఈశాన్యమున మిజోరాములో 1910లో స్త్రీలు ప్రారంభించిన గుప్పెడు బియ్యపు కానుక నేటికిని నడుచుచున్నది, అక్కడి సంఘ పరిచర్యలకు అది పెద్ద ఆధారము. చిన్న చేతులు ప్రతిదినము చేసే పని, పెద్ద చేతులు ఏడాదికొకసారి చేసే పనిని మించగలదని ఇందువలన తెలియుచున్నది.

డబ్బుతో, గింజలతో ఆయన ఆగలేదు. సమయమును కూడ అడిగారు. జీతము పుచ్చుకొను బోధకుడే సాక్ష్యమిచ్చుట చాలదని, బాప్తిస్మము పొందిన ప్రతివారిని, ఆడవారు మగవారు అనక, సాక్ష్య వారములలో ప్రక్క పల్లెలకు పంపెడివారు. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము పలు భాషలలోనికి తర్జుమా అయినది. ఇచ్చుట అనునది సంఘ ఖర్చులకొరకైన ఏర్పాటు కాదు, ఆరాధనలో భాగము అని అందలి సారము.

పల్లెల నాలుగు దయ్యములు

ఆత్మల సంగతి మాత్రమే చూచి కడుపుల సంగతి మరచిన బోధకుడు కాదు ఆయన. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగింటిని పల్లెలను పట్టిన నాలుగు దయ్యములుగా ఆయన ఎంచెడివారు. వాటిని వెళ్ళగొట్టుటకు ఎంచుకొన్న ముఖ్య సాధనము పంచిపెట్టుట కాదు, పల్లెలో కాపురముండే ఉపాధ్యాయుడు. అటువంటివారు ఆ డయోసీసులో వందలు, ముందు ముందు వేలు అయ్యారు. ఉపాధ్యాయుని పగలు పిల్లలు వెదకెడివారు, రాత్రి పెద్దలు వెదకెడివారు. జ్వరము వచ్చినా, షావుకారు కాగితము చదువవలసివచ్చినా, త్రాగివచ్చిన భర్త భార్యను కొట్టినా ఆయన గుమ్మమునకే వచ్చెడివారు.

డోర్నకల్ దైవశాస్త్ర పాఠశాలలో విద్యార్థులతోబాటు వారి భార్యలకును చదువు చెప్పెడివారు. చేతిపని చేయనివాడు పల్లె గురువుగా పనికిరాడని విద్యార్థులచేత పొలము పనులు కూడ చేయించెడివారు. ఒకదినము వచ్చి వెళ్ళే దాత కంటె, తమ మధ్య ఉండిపోయే తోడు మేలని ఆ పల్లెలు చూపించాయి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఇంత చేసినను ఆ డయోసీసు విదేశ ధనమునుండి పూర్తిగా విడుదల పొందలేదు. బడులకు, ఆసుపత్రులకు సీమనుండి వచ్చిన సొమ్ము కావలసివచ్చింది. తమ కాళ్ళమీద తాము నిలువవలెనన్న ఆయన కోరిక సగమే నెరవేరింది. ఆ మిగిలిన సగము ఆయన తరువాతివారమైన మన బాకీ.

ఈవి ఎర కారాదు

బీదలకిచ్చే సహాయమును గూర్చి ఒక గట్టి ఆక్షేపణ ఆ దినములలో వచ్చింది. 1930 దశాబ్దములో గాంధీగారు, హరిజనులకు సహాయము చూపి మతము మార్చుట తగదని చెప్పుచుండిరి. అజరయ్య గారు ఆయనతో ఏకీభవించలేదు. పల్లె ప్రజలు క్రీస్తునొద్దకు వచ్చుట వారి స్వంత నిర్ణయమని, తలయెత్తుకొని బ్రదుకవలెనను ఆశయు ఆత్మ సంబంధమైనదేయని ఆయన నమ్మిక. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని, దేశమునుండి మనము వేరుకారాదని గట్టిగా నిలిచినవారిలో ఆయన ఒకరు. ఈ తర్కములో ఎవరు ఎంత సరియో చెప్పుట ఈ వ్యాసము పని కాదు. అయినను, ఈవి ఎర కాకూడదన్న హెచ్చరికను మనము వినవలసినదే.

ఆ హెచ్చరికను గాంధీగారికంటె ముందే ఆచరణలో చూపినవారు మన తెలుగుదేశములోనే ఉన్నారు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును కాల్చిన ధాతు కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, పూర్వము తాను సర్వేయరుగా పనిచేసిన అనుభవముతో, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వించే కంట్రాక్టు పుచ్చుకొన్నారు. గంజి కేంద్రము ముందు వరుసలో నిలువవలసిన వేలమంది, పార పట్టి కూలి తీసుకొని తిన్నారు. కరవు సాగినంతకాలము బాప్తిస్మము అడిగినవారికి ఆయన ఇవ్వలేదు, కూటికొరకు క్రైస్తవులైరను మాట వారిమీద పడకూడదని. కరవు గడచిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. కూలి పని ఇచ్చుట, మర్యాద నిలుపుట, ఆకలిని అవకాశముగా వాడుకొనకుండుట అను మూడు సంగతులు ఆ ఒక్క పనిలో ఉన్నవి.

చివరి దినములు

1939 జనవరి 6వ తేదీన డోర్నకల్‌లో ప్రభువు ప్రత్యక్షతా కతీడ్రలు ప్రతిష్ఠింపబడింది. పని ఇరువదియైదు ఏండ్లు సాగింది. సీమ గుళ్ళకు నకలుగా కాక, మన దేవాలయ స్తంభములు, మసీదు గుమ్మటములు కలిసిన రీతిగా అది నిర్మింపబడింది. చూచినవారికి ఇది మన ఊరి గుడి అనిపించవలెనని బిషప్పుగారి కోరిక.

సంఘముల ఐక్యతకు ఆయన 1919లో తరంగంబాడి సభనుండి పాటుపడ్డారు. అయితే మోషేవలె దూరమునుండి చూచుటయే ఆయనకు దొరికింది. 1945 జనవరి 1వ తేదీన, కొద్ది దినముల జ్వరము పిమ్మట, డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడింది. ఆయన చనిపోవునాటికి ఆంగ్లికన్ సంఘములో డయోసీసును ఏలుచున్న భారతీయ బిషప్పు ఆయన తప్ప వేరొకరు లేరు. తమిళదేశమున పుట్టిన ఆ దేహము తెలుగు మట్టిలో, ఆ కతీడ్రలు ప్రక్కన ఉన్నది.

మనమేమి చేయగలము

ఈ జీవితమును చదివి మేము మా సంఘములో ఒక చిన్న ప్రయత్నము చేశాము. దాని సంగతి గొప్పకొరకు కాదు, అందులోని లోపములతో సహా చెప్పుచున్నాము.

మా ప్రాంతములోని ప్రభుత్వ ఆసుపత్రులకు జిల్లాలనుండి ప్రతి ఉదయము వందలమంది వస్తారు. ఏ గదికి వెళ్ళవలెనో, చీటీ ఎక్కడ వ్రాయించవలెనో, రక్తపరీక్ష కాగితము ఎప్పుడు ఇస్తారో వారికి తెలియదు. చదువురానివారు బోర్డుల ముందు నిలుచుండి దారినపోయేవారి ముఖములు చూస్తుంటారు. వారికి కావలసినది దుప్పటి కాదు, రొట్టె కాదు, ఒక గంట తోడు. వారములో రెండు ఉదయములు అక్కడ ఉండి దారి చూపుటకు, కాగితములు చదివి చెప్పుటకు మాలో పన్నెండుమంది పేర్లు ఇచ్చారు. మొదట ఆ ముసలి ఆయనను వెదకి కంటి ఆసుపత్రికి తీసికొని వెళ్ళాము. ఇప్పుడు ఆయన మమ్మును దూరమునుండే గుర్తుపట్టి పేరుపెట్టి పిలుస్తాడు.

రెండు నెలలు గడిచేసరికి పన్నెండుమందిలో ఐదుగురే మిగిలారు. ఉద్యోగము, ఎండ, పిల్లల పరీక్షలు, ప్రతివారికి కారణమున్నది. మేమును కొన్ని వారములు తప్పాము. ఒక్క వారము కూడ తప్పనిది ఎవరో తెలిసికొంటే మీరు ఆశ్చర్యపడతారు. నాలుగిండ్లలో పాత్రలు తోమి బ్రదికే ఒక విధవరాలు. ఆమెకు చదువు రాదు. అయితే తన బిడ్డ జబ్బుగా ఉన్నప్పుడు నెలలకొద్ది ఆ వరండాలలో తిరిగినందున ఏ గది ఎక్కడ ఉన్నదో ఆమెకు కంఠస్థము. భయపడుతున్న తల్లి చేయి పట్టుకొని నడిపించుట మా దైవశాస్త్ర పట్టముకంటె ఆమెకే బాగుగా తెలుసు. కమిటీలో చందాల పట్టిక చదివినప్పుడు ఆమె పేరు ఎప్పుడును అట్టడుగున ఉంటుంది. ఆ పట్టిక మేము మార్చుకొనవలసియున్నది.

అజరయ్య గారి జీవితమునుండి మేము నేర్చుకొన్న సంగతులను క్లుప్తముగా చెప్పుచున్నాము. మొదట వెళ్ళి చూచి, అడిగి, ఆ తరువాత ఇవ్వవలెను. ఇతరులను పంపేముందు మనము వెళ్ళవలెను. పుచ్చుకొనేవానికి ఇచ్చే అవకాశమును కూడ కలిగించవలెను, లేనియెడల మన దానము వానిని బిచ్చగానిగానే ఉంచును. ఒక్కనాటి పెద్ద పంపకముకంటె ఏడాది పొడుగున గుప్పెడు మేలు. ఫొటో తీయించుకొనుటకు తగిన పనికంటె, ఎవరును చూడని పనినే ముందుగా ఎంచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, స్నేహము లేని ఈవి అరుగుమీది దొరతనమే.

అన్నదానము వద్దని, దుప్పట్లు వద్దని మేము చెప్పుటలేదు. వరద వచ్చినప్పుడు, నిప్పు అంటుకొన్నప్పుడు వెంటనే పంచవలసినదే. 1908 సెప్టెంబరు మాసములో మూసీ పొంగి ఈ నగరములో వేలమంది ప్రాణములు తీసినప్పుడు ఎవరును ప్రశ్నలు అడుగుచు కూర్చుండలేదు, కూర్చుండరాదు. అయితే ప్రతి రాత్రి కాలిబాటమీద పడుకొనుట వరద కాదు. అది ఏండ్ల తరబడి సాగే కష్టము, దానికి ఏండ్ల తరబడి నిలిచే తోడు కావలెను.

కాబట్టి శతవార్షికోత్సవ నిధిని గూర్చి మా మనవి ఇది. అందులో ఒక భాగమును జిల్లాల రోగుల తోడుకొరకు, మరొక భాగమును మన పేటలలో రాత్రి చదువులు చెప్పుటకొరకు నియమించి, దానితోబాటు ప్రతి కుటుంబమునుండి డబ్బు గాక నెలకు రెండు గంటల సమయము అడుగుదాము. మన వంటయింట్లో ఒక డబ్బా పెట్టి గుప్పెడు బియ్యపు కానుకను మరల ప్రారంభిద్దాము. మా ఇంట ఆ డబ్బా ఇప్పటికే ఉన్నది. మొదటి నెల దానిని నింపుట మరచినది మేమే అని, జ్ఞాపకము చేసినది మా చిన్న కుమార్తె అని ఒప్పుకొనుచున్నాము.

నూరేండ్ల క్రిందట మనకు ముఖపరిచయము లేని తమిళ తల్లులు తమ కాసులు కూడబెట్టి మన పల్లెలకు పంపారు. వచ్చే నూరేండ్ల సంచికలో మనలను గూర్చి ఏమి వ్రాయుదురో మనకు తెలియదు. మనము నాంపల్లి కాలిబాటమీద ఎవరి ప్రక్కన కూర్చున్నామో, ఆసుపత్రి వరండాలో ఎవరి చేయి పట్టుకొన్నామో ప్రభువునకు తెలియును. బిషప్ అజరయ్య గారికి ఇచ్చే మనస్సును, వెళ్ళే కాళ్ళను అనుగ్రహించిన దేవుడు వాటిని మనకును దయచేయును గాక. ఆమేన్.